కొండ దిగితే నోరు మూగబోవాలా?



నర్సీపట్నం బస్టాండులో పొద్దుటి పూట కాసేపు నిలబడితే చాలు, పైన మన్యం ఎన్ని భాషలు మాట్లాడుతుందో చెవిన పడుతుంది. చింతపల్లి బస్సు దిగినవాళ్లు, గూడెం కొత్తవీధి వైపు నుంచి వచ్చినవాళ్లు, కొయ్యూరు జీపుల్లో దిగినవాళ్లు. పసుపు ధర, పిప్పళ్ల తూకం, పిల్లాడి జ్వరం, కోర్టు వాయిదా, అన్నీ ఆ మాటల్లోనే దొర్లుతుంటాయి. ఆ మనుషులే ఆస్పత్రిలో ఓపీ చీటీలిచ్చే కిటికీ దగ్గరికో, ఆఫీసు మెట్ల దగ్గరికో చేరేసరికి నోరు మెదపరు. పిలిచి అడిగినా తల వంచుకుని నిలబడతారు. చూసినవాళ్లు 'పాపం, అమాయకులు' అనుకుని ముందుకెళ్లిపోతారు. అంతవరకు గలగలా మాట్లాడిన మనిషి అరగంటలో అమాయకుడెలా అవుతాడు? అతని భాష ఆ కిటికీ దగ్గర చెల్లలేదు, అంతే.

ఆ భాష చెల్లాలి. కొండ మీద చెల్లాలి, కొండ కింద నర్సీపట్నంలోనూ చెల్లాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఎవరి భాష, ఏ భాష అన్నది చూద్దాం. మన్యంలో అందరూ ఒకే భాష మాట్లాడరు. భగతలు, వాల్మీకులు, కమ్మర్లు చాలామటుకు తెలుగే మాట్లాడతారు. సామంతులు, అంటే రికార్డుల్లో ఖోండులని రాసేవాళ్లు, కువి మాట్లాడతారు. అరకు, అనంతగిరి వైపు కొండదొరల్లో కొండ భాష ఉంది, దాన్నే కూబి అంటారు. అదే కొండదొరలు మన చింతపల్లి, గొలుగొండ వైపు తెలుగులోకి మారిపోయారు. కోటియాల ఇళ్లలో ఆదివాసీ ఒడియా. గదబలలో ఒక శాఖది ముండా కుటుంబానికి చెందిన గుతోబ్, ఇంకో శాఖది ద్రావిడ భాష అయిన ఒల్లారి. ఒకే కులం పేరు, రెండు వేర్వేరు భాషా కుటుంబాలు. ఇంత వైవిధ్యాన్ని మనం ఒక్క మాటతో 'గిరిజన భాష' అని మూట కట్టి పక్కన పెట్టేశాం.

కువి, కొండ భాషలు మనకు పరాయివి కావు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషలను శాఖలుగా విడదీసినప్పుడు తెలుగును తమిళం, కన్నడాల సరసన పెట్టలేదు. గోండి, కుయి, కువి, కొండ, పెంగో, మండ భాషలున్న దక్షిణ మధ్య శాఖలో పెట్టారు. అంటే ఆ కొండల మీద మాట్లాడేది తెలుగుకు తోబుట్టువుల మాట. ఆయన కొండ భాష మీద రాసిన వ్యాకరణ గ్రంథం 1969లో హైదరాబాదులో అచ్చయింది. మన నోట ఎప్పుడో చెరిగిపోయిన బండి ఱ ఉచ్చారణ ఆ భాషలో ఇంకా విడిగా వినిపిస్తుందని అందులో నమోదు చేశారు. తెలుగు ఒకప్పుడు ఎలా పలికేదో తెలుసుకోవాలంటే కొండదొర ఇంటి అరుగు మీద కూర్చుని వినాలి. ఆ అరుగును మనం కాపాడుకున్నామా?

ఇక హక్కు సంగతి. ఇది దయ చూపించే వ్యవహారం కాదు. రాజ్యాంగం 29వ అధికరణం తమకంటూ ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ వర్గానికైనా దాన్ని నిలుపుకునే హక్కు ఉందని చెప్పింది. 1956లో ఏడో సవరణతో 350-ఎ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలంటుందది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత మేరకు బోధన మాతృభాషలోనే సాగాలంది. ఈ అధికరణాలలో ఎక్కడా 'షెడ్యూల్డు ప్రాంతంలో మాత్రమే' అన్న మాట లేదు. నర్సీపట్నం వాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకంటే మన పరిస్థితి విచిత్రమైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. నర్సీపట్నం, గొలుగొండ, నాతవరం, రోలుగుంట అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట జిల్లా హద్దూ పడింది, అయిదో షెడ్యూలు హద్దూ అక్కడే ఉంది. కానీ జ్వరానికి, ప్రసవానికి, పెద్ద కేసుకు మనిషి దిగి వచ్చేది నర్సీపట్నానికే. పైగా హద్దుకు ఇవతల, ఈ మైదానపు మండలాల కొండవాలుల్లోనూ ఆదివాసీ గూడేలున్నాయి. వాటిని షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చాలని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. అవి షెడ్యూలులో చేరేదాకా అక్కడి పిల్లలకు మాతృభాష హక్కు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 350-ఎ అధికరణం వాళ్లకూ వర్తిస్తుంది.

హద్దు గీత అటూ ఇటూ జరిగి, మనుషులు మాత్రం ఉన్నచోటే ఉండిపోతే భాషకు ఏమవుతుందో తెలియాలంటే యూరపులో హంగేరియన్ల కథ చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920 జూన్ 4న ట్రయనాన్ ఒప్పందం జరిగింది. హంగేరీ తన భూభాగంలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. దాదాపు మూడో వంతు హంగేరియన్లు, ముప్ఫై లక్షలకు పైగా జనం, ఊరు కదలకుండానే వేరే దేశాల పౌరులయ్యారు. రుమేనియా, నేటి స్లొవాకియా, సెర్బియాలలో అల్పసంఖ్యాకులుగా మిగిలారు. బడి, చర్చి, వీధి పేరు, రైల్వే స్టేషను బోర్డు, ప్రతిదాని కోసమూ వందేళ్లుగా కొట్లాడుతూనే ఉన్నారు. స్లొవాకియా 2009లో రాజ్యభాషా చట్టాన్ని బిగించి జరిమానాలు పెట్టినప్పుడు అక్కడి హంగేరియన్లు వీధుల్లోకి వచ్చారు.

ఆ పోరాటంలో నాకు బాగా నచ్చేది వాళ్లు అడిగిన తీరు. 'మా భాషను గౌరవించండి' అని ఊరుకోలేదు. ఊళ్లో ఎంతమంది ఉంటే ఆఫీసులో మా భాషలో అర్జీ తీసుకుంటారు, ఏ కాగితం రెండు భాషల్లో ఇస్తారు, ఊరి బోర్డు మీద రెండో పేరు ఎప్పుడు రాస్తారు అని లెక్క తేల్చమన్నారు. స్లొవాకియా చట్టంలో ఆ లెక్క మొదట ఊరి జనాభాలో 20 శాతం. 2011లో దాన్ని 15 శాతానికి తగ్గించారు. రుమేనియాలోనూ స్థానిక ఆఫీసులకు 20 శాతం లెక్క ఉంది. సెర్బియాలోని వొయివొదీనా ప్రాంతంలో హంగేరియన్ అధికార భాషల్లో ఒకటి. స్లొవాకియాలోని కొమార్నో పట్టణంలో 2004లో హంగేరియన్ బోధనా భాషగా విశ్వవిద్యాలయమే వచ్చింది. యూరప్ మండలి 1992లో ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఒడంబడికను తెచ్చింది. అందులో బడి, కోర్టు, ఆఫీసు, పత్రికలు, రేడియో ఒక్కొక్కటీ విడివిడిగా ఉంటాయి. ఆమోదించిన దేశం దేనికి ఎంత చేస్తానో రాసివ్వాలి.

హంగేరియన్లకు పక్కనే సొంత దేశం ఉంది, అడిగే నాథుడున్నాడు. సరిహద్దు అవతల ఉన్న మన తెలుగువాళ్లకు కూడా అంతో ఇంతో అలాంటి దన్ను ఉంది. తమిళనాడులో 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పుడు హోసూరు, కృష్ణగిరి తెలుగు బడుల గురించి ఇక్కడ మనం గొంతెత్తాం. ఎత్తాలి కూడా. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భాషా మైనారిటీ పిల్లలకు ఆ యేటి పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు ఇస్తే సంతోషించాం. మరి కువి పిల్ల కోసం గొంతెత్తేదెవరు? కువికి వెనక నిలబడే రాష్ట్రం లేదు. ఇక్కడ అధికార భాష తెలుగు, అవతల కొరాపుట్టులో ఒడియా. పొట్టి శ్రీరాములు గారి ప్రాణం మీద 1953 అక్టోబరు 1న రాష్ట్రం తెచ్చుకున్న భాష మనది. హోసూరులో ఏది అడుగుతున్నామో, చింతపల్లిలో అది ఇవ్వవలసిన చోట మనమే ఉన్నాం.

ఇవ్వడం ఎలాగో చూపించినవాడు మనలోనే ఒకాయన ఉన్నాడు. గిడుగు వేంకట రామమూర్తి గారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం, వాడుక భాషా ఉద్యమం గురించి ఉపన్యాసాలిస్తాం. ఆయన జీవితంలోని మరో సగాన్ని మాత్రం ఒక వాక్యంతో దాటేస్తాం.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా ఆ చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట ఆయన చెవిన పడింది. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. అప్పటికి సవరకు పుస్తకం లేదు. వాచకాలు, కథలు, పాటలు తయారుచేశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించే ఏర్పాటు చేశాడు. అడవుల్లో తిరిగి తిరిగి మలేరియా పట్టుకుంది, మందుగా వేసుకున్న క్వినైనుతో చెవుడు వచ్చింది. చెవి సరిగా వినపడని మనిషి ఒక భాష ధ్వనులను అక్షరాల్లోకి ఎక్కించడానికి ముప్ఫై ఏళ్లకు పైగా కూర్చున్నాడు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. అప్పటికి ఆయన డెబ్బై అయిదేళ్ల ముసలివాడు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది. ట్రయనాన్‌లో హంగేరియన్లకు జరిగిందే చిన్న ఎత్తున ఆయనకూ జరిగింది. రాత్రి పడుకున్న ఊరు పొద్దున్న లేచేసరికి ఇంకో రాష్ట్రంలో ఉంది. ఆయన నిరసనగా ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరాడు. తన భాషకు హద్దు అవతల చోటు ఉండదేమోనన్న బాధ ఎలాంటిదో ఎరిగిన మనిషి, తన భాషకంటే చిన్న భాష కోసం జీవితం పెట్టాడు. అందుకే ఆయన మాట చెల్లుతుంది. తెలుగు భాషా దినోత్సవం రోజున నర్సీపట్నం బడుల్లో ఒక కువి పిల్ల చేత కువిలో మాట్లాడించకపోతే ఆ పండుగ సగమే జరిగినట్టు.

గిడుగు గారు వేసిన దారిలో ప్రభుత్వం నడవలేదని అనను. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది. గోండి, కోయ, కొలామి, లంబాడీ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా. విశాఖ మన్యానికి చివరి మూడూ వచ్చాయి. పుస్తకాలు తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి. పద్ధతి చాలా తెలివైనది. ఒకటో తరగతిలో పిల్ల ఇంట్లో వినే మాటనే అక్షరాల్లో చూస్తుంది. సంత, జీలుగు చెట్టు, పోడు పొలం, మేక, అన్నీ తనకు తెలిసినవే. అక్షరం ఒక్కటే కొత్త. ఆ అక్షరం చేతికొచ్చాక, రెండు మూడు తరగతుల్లో తెలుగు కొంచెం కొంచెంగా చేరుతుంది. అయిదో తరగతికి వచ్చేసరికి పిల్లకు రెండు భాషలుంటాయి, ఏదీ పోగొట్టుకోదు.

ఇది లేనిచోట ఏం జరుగుతుందో మన్యంలో పనిచేసిన ఏ మాస్టారినడిగినా చెబుతారు. పిల్లకు అక్షరమూ కొత్త, మాటా కొత్త. మాస్టారు 'పలక తియ్యి' అంటే పక్కపిల్ల ఏం చేస్తోందో చూసి అది చేస్తుంది. పాఠం అప్పజెప్పమంటే గడగడా అప్పజెబుతుంది, అర్థం అడిగితే నేల చూస్తుంది. ఏడాది గడిచాక ఆ పిల్లను 'మొద్దు' అంటారు. ఇంకో ఏడాదికి బడి మానేస్తుంది. ఇప్పుడు ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా అని మైదానంలో వాదించుకుంటున్నాం. కువి పిల్లకు ఆ రెండూ నేర్పాలి, తప్పకుండా నేర్పాలి, ఉద్యోగం వాటితోనే వస్తుంది. కానీ ఆ రెంటికీ మెట్టు వేయగలిగింది కువి ఒక్కటే.

అంత మంచి పద్ధతి ఎందుకు బక్కచిక్కిపోయింది? దాన్ని నడిపే మనిషికి దినదిన గండం కాబట్టి. మాతృభాషలో పాఠం చెప్పేది ఆ ఊరి యువతీయువకులే, మాతృభాషా విద్యా వలంటీర్లు. వాళ్ల కొలువు శాశ్వతం కాదు. జీతం తక్కువ, మళ్లీ తీసుకుంటారో లేదో తెలియదు. పాఠం చెప్పాల్సిన వాళ్లు రెన్యూవల్ కోసం పాడేరు ఐటీడీఏ ముందు ధర్నాకు కూర్చోవలసి వస్తోంది. పక్కనే ఒడిశా పది భాషలతో మొదలుపెట్టి ఇరవై ఒక్క భాషలకు పెంచింది. మనం మన దగ్గర ఉన్నవాటినైనా నిలబెట్టుకోవాలి కదా.

దీనికి తోడు మూడో నంబరు జీవో పోయింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న వచ్చిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఉద్యోగాల కోణంలో దాని మీద ఎన్నో ధర్నాలు జరిగాయి, అవి న్యాయమైనవే. నేను భాష కోణంలో ఒక్క మాట అంటాను. రేపు ఆ పోస్టులోకి ఏ కులం మనిషి వచ్చినా సరే, పిల్లల భాష రాకుండా కువి గూడెంలో ఒకటో తరగతి చెప్పనివ్వకూడదు. భాష తెలిసి ఉండాలన్న అర్హత పెట్టడానికి ఆ తీర్పు అడ్డు రాదు. పెట్టే మనసుండాలి.

ఇక కొండ కిందకు వద్దాం. ఆస్పత్రి అనండి, కోర్టు అనండి, వ్యవహారం మాటతోనే నడుస్తుంది. తెలుగు సరిగా రాని ఒక సామంత తల్లి డాక్టరు ముందు కూర్చుంటుంది. నొప్పి ఎప్పటినుంచి, రక్తం పోతోందా, ఎన్నో నెల? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేది పక్కనున్న పదేళ్ల కొడుకు, బడిలో నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు కాబట్టి. తల్లి తన ఒంటి సంగతి కొడుకుతో చెప్పలేదు, వాడు సగం చెప్పి సగం మింగుతాడు. డాక్టరు ఆ సగానికే మందు రాస్తాడు. ఇందులో డాక్టరు తప్పేమీ లేదు, కొడుకు తప్పు అసలే లేదు. కువి, ఆదివాసీ ఒడియా తెలిసిన ఒక మనిషిని కుర్చీ వేసి అక్కడ కూర్చోబెట్టని వ్యవస్థది తప్పు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న సామంత పిల్లలు ఎందరో ఉన్నారు. ఖర్చు పెద్దది కాదు.

కోర్టులో ఇది ఇంకా బరువైన విషయం. నిందితుడికి అర్థంకాని భాషలో సాక్ష్యం జరిగితే అతనికి తెలిసిన భాషలో వివరించాలని నేర విచారణ చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. అది న్యాయమూర్తి ఇష్టాయిష్టాలతో పనిలేని విధి. గంజాయి కేసుల్లో ఇరుక్కుని దిగివచ్చే కొండ కుర్రాళ్ల సంగతి ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. మూట ఎవరిది, డబ్బెవరిది, మోసినవాడెవరు అన్నది తేలాల్సిన చోట మోసినవాడికి తన మాట చెప్పుకునే భాష ఉండాలి. లాయర్లకు నా విన్నపం, దుబాసీ కావాలని రాతపూర్వకంగా అడగండి. అడిగితే ఇవ్వక తప్పదు.

సంస్కృతి అనగానే మనకు థింసా గుర్తొస్తుంది. మంత్రి వస్తే థింసా, కలెక్టరు వస్తే థింసా, లంబసింగి మంచు చూడడానికి టూరిస్టులొస్తే థింసా. ఆడేవాళ్లకు నాలుగు రూపాయలు రావడం మంచిదే. అయితే చైత్రంలో ఇటుకల పండుగకు బడికి సెలవు లేకపోతే, కొత్తలు తినే పండుగ నాడు పిల్లను హాస్టల్లో అట్టిపెడితే, మనం ఫొటో తీసుకున్న ఆట ఆ పిల్ల తరానికి రాదు. పాట భాషలో ఉంటుంది. భాష పోయాక మిగిలేది అడుగులు మాత్రమే. తాజంగిలో ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టారు. అందులో ప్రతి బొమ్మ కింద తెలుగు, ఇంగ్లీషులతో పాటు కువిలో, కొండ భాషలో రాయాలి, చదివి వినిపించాలి. అల్లూరి సీతారామరాజుతో కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డవాళ్లలో కొండ మనుషులే ఎక్కువ. నర్సీపట్నం లంబసింగి రోడ్డు వాళ్ల వెట్టిచాకిరీతో పడింది. అదే రోడ్డు మీద దిగివచ్చే వాళ్ల మనవల మాటకు ఈ ఊళ్లో విలువ ఉండాలని అడగడం పెద్ద కోరిక కాదు.

చివరగా, వెంటనే చేయగల పని ఒకటుంది. 2027 జనగణనకు జనాన్ని లెక్కపెట్టే ఘట్టం ఆ యేడు ఫిబ్రవరిలో ఉంటుంది. అందులో ప్రతి మనిషికీ మాతృభాష ఏమిటని అడుగుతారు. మన దేశంలో 1971 నుంచి పదివేల మంది కంటే తక్కువ మాట్లాడే భాషల పేర్లు విడిగా ప్రకటించడం లేదు. 2011 లెక్కలో కొండ భాష మాట్లాడేవాళ్లు దేశం మొత్తం మీద అరవై వేల చిల్లర, గదబ నలభై వేల చిల్లర. ఇంత చిన్న అంకెల్లో ఒక్కొక్క గూడేనికీ లెక్క ఉంటుంది. ఆ లెక్కను బట్టే రేపు పుస్తకం అచ్చవుతుంది, టీచరు పోస్టు వస్తుంది.

కాబట్టి ఎన్యూమరేటర్లుగా వెళ్లే టీచర్లూ, దయచేసి గూడెంలో మీరు తెలుగులో అడిగారు కదా అని, వాళ్లు తెలుగులో బదులిచ్చారు కదా అని, ఆ గడిలో తెలుగు అని రాసేయకండి. ఇంట్లో అమ్మతో ఏ భాష మాట్లాడతారో అడిగి రాయండి. కొండ మీద అన్నలూ, అక్కలూ, మీరు కూడా మొహమాటపడకండి. తెలుగు వచ్చు అని చెప్పడానికి వేరే గడి ఉంది. మాతృభాష గడిలో మాత్రం కువి అయితే కువి అని, కొండ అయితే కొండ అని, ఆదివాసీ ఒడియా అయితే అదే రాయించండి. రాసింది చదివి వినిపించమని అడగండి.